గింజ నుండి కొమ్మకు: మన కలపచెట్ల చరిత్ర

ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్టమీద నిలిచి చూచువారికి రెండు కాలములు ఒక్కసారి కనబడును. చెరువు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలపుది. ఆయన 1550 నుండి 1580 వరకు రాజ్యము చేసెను, ఊరిపేరును ఆయనదే. కట్ట దిగి రంగారెడ్డి జిల్లా ఎర్రచెలకలలోనికి పోయినచో అక్కడక్కడ నీలగిరి తోటలు ఎదురగును. కృష్ణా, ఖమ్మము ప్రాంతములవారు దీనినే జామాయిల్ అందురు. కొన్ని తోటలలో ఒక చెట్టు తొడలావు, ప్రక్కది మణికట్టు లావు, మూడవది వంకర. మరికొన్నింటిలోనో చెట్లన్నియు ఒకే అచ్చున పోసినట్లు ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే తెలుపు. మొదటివి గింజనుండి వచ్చినవి. రెండవవి కొమ్మనుండి వచ్చినవి. గింజనుండి కొమ్మకు రావడానికి మన దేశమున అటవీశాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ సంగతియే నేడు ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఒక మాట. శాస్త్రజ్ఞులు కలపను రెండు తెగలుగా విభజింతురు. దేవదారు, పైను వంటి సూదియాకుల చెట్లది మెత్తకలప. టేకు, ఇరుగుడు, నీలగిరి వంటి వెడల్పాకుల చెట్లది గట్టికలప. ఈ పేర్లను పట్టుకొని గోరుతో గీచి పరీక్షింపబోయినచో మోసపోవుదుము. బొమ్మ విమానములు చేయు బాల్సా కర్ర బెండువలె తేలికైనను శాస్త్రములో అది గట్టికలపయే. తేడా గట్టితనములో లేదు, చెట్టు కులములో ఉన్నది. తెలుగుదేశపు అడవి దాదాపు అంతయు ఈ రెండవ కులమే.

కొమ్మనుండి చెట్టును పుట్టించు విద్య మనకు క్రొత్తది కాదు. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దిలో రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కేటాయించి, పనస, అశోకము, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష వంటివానిని కొమ్మనాటియు, అంటుకట్టియు పెంచవచ్చునని చెప్పెను. మన నూజివీడు మామిడితోటల రైతుకు అంటుమొక్క విలువ ఎవరును నేర్పనక్కరలేదు. టెంకనుండి మొలిచిన మామిడి తల్లిపోలికతో రాదని పసివానికిని తెలియును. మరి తోటమాలికి తెలిసిన ఈ రహస్యము అటవీశాఖకు ఇంతకాలము ఏల అందలేదు? అడవిని ఎవరును నాటుట లేదు గనుక. దానంతట అది పెరిగినది, మనము నరకితిమి.

నాటవలసిన అవసరము మొదట ఓడల మూలమున వచ్చినది. మలబారు కలెక్టరుగానున్న కానొలీ దొర 1840లలో నిలంబూరులో టేకు తోట వేయ పూనుకొనెను. టేకు కాయ పైపెంకు ఎముకవంటిది. లోపల నాలుగు గదులుండును గాని అన్నింటను గింజయుండదు. ఉన్న గింజయు తన ఇష్టమువచ్చినప్పుడే మొలచును. ఎన్నో విఫలయత్నముల తరువాత చాత్తు మేనోన్ అను ఉద్యోగి పూనికతో ఆ తోట నిలద్రొక్కుకొనినది. ఆనాటి చెట్లు కొన్ని నేటికిని కానొలీ పేరిట నిలిచియున్నవి. తరువాత మన అటవీశాఖలవారు కాయలను రాత్రి నీట నానవేసి పగలు ఎండబెట్టుటయు, ఏడాది మొక్కను పెరికి, కాండమును వేలెడైనను ఉంచక నరకి, తల్లివేరును జానెడుంచి 'స్టంపు'గా నాటుటయు అలవరచుకొనిరి. ఆదిలాబాదు మొదలు రంప కొండలవరకు తోటలు లేచినది ఈ స్టంపులమీదనే.

ఇందులో ఒక లోపము చాలకాలము ఎవరి కంటను పడలేదు. కాయ లేరువారు ఏ చెట్టు క్రింద ఏరుదురు? అందుబాటులోనున్న చెట్టు క్రింద, విస్తారముగా కాచు చెట్టు క్రింద. చిన్నతనముననే పూచి, కొమ్మలు చాచి, పొట్టిగా నిలిచిపోవు చెట్టే ఎక్కువ కాచును. నిటారుగా నూరడుగులు పోయిన మేటి చెట్టు కాయ అడవి నడుమనే రాలి, అక్కడనే చెదలపాలగును. అనగా మంచిచెట్టును నరకి అమ్ముకొని, నాసిచెట్టు సంతతిని నాటుకొనుచుంటిమి. పశువులవిషయమున ఏ రైతును చేయని పని ఇది.

1962లో కేదారనాథ్, మాథ్యూస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 'ఇండియన్ ఫారెస్టర్' పత్రికలో టేకును ఎంపికచేసియు, సంకరపరచియు బాగుచేయు మార్గమును వివరించిరి. అడవిలో మేటి చెట్లను గుర్తించి, వాని మొగ్గలను నారుమొక్కలకు అంటుకట్టి, ఒకచోట తోటగా పెంచి, ఆ తోటగింజనే నాటవలెనని దాని సారాంశము. ఇవియే విత్తనతోటలు. ఆలోచన చక్కనిది, టేకు మాత్రము సహకరింపలేదు. వేరువేరు అడవులనుండి తెచ్చిన చెట్లు వేరువేరు వారములలో పూచుటచేత పుప్పొడి కలియుట తక్కువై, పెక్కు తోటలు ఆశించినంత గింజనీయలేదు.

గింజను వదలి చెట్టునే నకలు తీయవచ్చునా? జర్మను భాషీయుడైన హాబర్లాంట్ 1902లోనే వృక్షకణమును విడిగా పెంచవచ్చునని ఊహించెను. 1962లో మురాషిగే, స్కూగ్ అనువారు లవణములు, చక్కెర, హార్మోనులు కలిపిన పోషకద్రవమును కూర్చిరి. నేటికిని ప్రయోగశాలలలో దాని పేరే వినబడును. 1980లో పూణే జాతీయ రసాయన ప్రయోగశాలనుండి గుప్త, మాస్కరేన్హాస్, వారి సహచరులు, నూరేండ్ల టేకుచెట్టు మొగ్గనుండి గాజుసీసాలో పిల్లమొక్కలను పుట్టించినట్లు ప్రకటించిరి. నూరేండ్ల వృక్షము పసిమొక్కయై మరల పుట్టుట సామాన్యము కాదు. బెంగుళూరు భారత విజ్ఞానమందిరములో లక్ష్మీసీతగారు, సహపరిశోధకులు 1979లో శ్రీగంధమునకు, 1986లో ఇరుగుడుకు, 1992లో మన రాయలసీమ కొండల సొత్తైన ఎర్రచందనమునకు ఇట్టి మార్గములనే చూపిరి.

గాజుసీసా మొక్క ఖరీదైనది. చెలకరైతుకు అందుబాటులోనికి వచ్చినది మరియొక మార్గము. అది గోదావరి ఒడ్డున, భద్రాచలమునకు ఎదుటనున్న సారపాకలో రూపుదిద్దుకొన్నది.

అచ్చటి కాగితపు మిల్లు 1979లో ఉత్పత్తి నారంభించినది. 1980లలో చుట్టుప్రక్కల రైతులచేత గింజ నీలగిరిని నాటించిరి గాని, హెక్టారుకు ఏటా ఆరునుండి పది ఘనమీటర్ల కలపకు మించి రాలేదు. రైతులు పెదవి విరిచిరి. ఇంతలో 1988 జాతీయ అటవీ విధానము, పరిశ్రమలు ప్రభుత్వపు అడవిమీద ఆధారపడక రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని ముడిసరకు పండించుకొనవలెనని చెప్పినది. రైతుకు లాభము చూపనిచో మిల్లుకు కర్రలేదు. మాకు తోచినంతవరకు ఈ చరిత్ర మలుపు తిరిగినది ప్రయోగశాలలో కాదు, ఈ ఇరకాటములో.

దారి అప్పటికే బ్రెజిలులోను, ఆఫ్రికాలోని కాంగోలోను వేసియున్నది. బ్రెజిలు అరాక్రూజ్ సంస్థ శాస్త్రజ్ఞులకు కొమ్మనుండి నీలగిరి అడవులు పెంచినందుకు 1984లో స్వీడను దేశపు వాలెన్‌బెర్గ్ బహుమానము దక్కినది. సారపాకలో ప్యారేలాల్, కులకర్ణి మొదలగు శాస్త్రజ్ఞులు 1989లో ఆ పద్ధతి నారంభించిరి.

పద్ధతి వినుటకు తేలిక. తోటలన్నింటను గాలించి, తోటి చెట్లను మించి ఎదిగిన నిటారు చెట్టును పట్టుకొందురు. దానిని నరకివేయుదురు! వినువారికి విడ్డూరముగా తోచవచ్చును. కీలకమంతయు అందులోనే ఉన్నది. చెట్టు పైకొమ్మ ముసలిది, దానికి వేరు పుట్టదు. మొదలు నరకిన మోడునుండి వచ్చు చిగురు మాత్రము పసిది. ఆ చిగురుకొమ్మను చిన్న ముక్కలుగా కోసి, మొదట ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లపు పొడి అద్దుదురు. ఇది వేళ్ళు పుట్టించునని అమెరికాలో జిమ్మర్మన్, విల్కాక్సన్ అనువారు 1935లో కనుగొనిరి. పిదప అభ్రకజాతికి చెందిన వర్మిక్యులైటు నింపిన గాడుల గొట్టములలో గ్రుచ్చి, ఎడతెగక తుంపర కురియు వెచ్చని గదిలో ఉంచినచో మూడు నాలుగు వారములలో వేళ్ళు దిగును. తరువాత నీడలోను, క్రమముగా ఎండలోను రాటుదేల్చి పొలమునకు పంపుదురు. ఒక్క చెట్టునుండి వచ్చిన ఈ సంతతినంతయు కలిపి 'క్లోను' అందురు. అవి పిల్లలు కావు, ఆ చెట్టే.

ఎంపికచేసినవన్నియు నెగ్గలేదు. ఒకచోట రాణించిన క్లోను మరియొకచోట, సౌడునేలలోనో నల్లరేగడిలోనో, చతికిలబడినది. కనుక ఒక్కొక్క క్లోనును పలు నేలలలో పరీక్షించి చూచిరి. నిలిచినవానికి పేర్లుపెట్టు తీరిక లేక కాబోలు, అంకెలే పెట్టిరి: భద్రాచలము 3, 7, 10, 413, 526. రైతులు వానిని 'ఫలానా నంబరు' అనియే పిలుతురు. వర్షాధారపు తోటలలోనే హెక్టారుకు ఏటా సగటున ఇరువదినుండి ఇరువదియైదు ఘనమీటర్లు వచ్చినట్లు ఆ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఏడేండ్లకు నరకవలసిన తోట నాలుగైదేండ్లకే కోతకు వచ్చినది. వడ్డీకి తెచ్చి పెట్టుబడిపెట్టు ఇంటికి ఆ రెండేండ్లు ఎంతటివో వేరుగ చెప్పనక్కరలేదు.

ఒకే అచ్చు చెట్లకు ఒకే అచ్చు ఆపద కూడ ఉన్నది. 1988లో సుబాబులు చెట్లమీద పడిన పేనుజాతి పురుగు దక్షిణాదిని చాలతోటల చిగుళ్ళు మాడ్చినది. 2001 ప్రాంతమున కర్ణాటకలో కనబడి, తరువాత తెలుగు జిల్లాలకు వ్యాపించిన బుడిపె పురుగు నీలగిరి ఆకు ఈనెలలోను, తొడిమలలోను గ్రుడ్లుపెట్టి గడ్డలు కట్టించినది. కొన్ని క్లోనులు తట్టుకొనినవి, కొన్ని ముడుచుకొనిపోయినవి. ముడుచుకొన్నచోట తోట మొత్తము ముడుచుకొన్నది. గింజతోటలో పదింట రెండు మూడు తప్పించుకొనును. ఇచ్చట తప్పించుకొనుటకు తేడాయే లేదు. ఇట్టి దెబ్బలు తిన్నతరువాతనే, ఒకే నంబరును ఊరంతయు నాటరాదను బుద్ధి వచ్చినది.

టేకు విషయమున దెబ్బతీసినది పురుగు కాదు. 1990లలో కొన్ని సంస్థలు, ఒక్క టేకు మొక్కకు ఇంత సొమ్ము కట్టినచో ఇరువదియేండ్లకు లక్షలు వచ్చునని పట్టణపు గృహస్థులను నమ్మించినవి. 'కణజాల మొక్క' అను మాట ఆ ప్రకటనలలో మంత్రమువలె పనిచేసినది. మంచిజాతి మొక్కయైనను టేకు చేవ కట్టుటకు కాలము పట్టునని, నేలలోతు, వాన ఉండవలెనని చెప్పినవారు లేరు. పెక్కు సంస్థలు మూతబడినవి. 1999లో సెబీ ఇట్టి పథకములకు కట్టుదిట్టమైన నిబంధనలు విధించినది. ఆ కాగితములను ఇంకను బీరువాలో దాచుకొన్న ఇండ్లు మాకు తెలియును.

ఇప్పుడు పరిశోధన చెట్టు వారసత్వలిపి వరకు పోయినది. 2006లో పాప్లరు, 2014లో నీలగిరి జాతి ఒకటి పూర్తిగ చదువబడినవి. 2018లో కోయంబత్తూరు అటవీ జన్యుశాస్త్ర సంస్థవారు టేకు జన్యుపటపు తొలిప్రతిని ప్రకటించిరి. జన్యువులు మార్చిన నీలగిరికి బ్రెజిలు 2015లో అనుమతినిచ్చినది. మన దేశమున అట్టి అడవిచెట్టు దేనిని నాటుటకును అనుమతి లేదు. మాకైతే రైతుకు వెంటనే పనికివచ్చునది మరియొకటి కనబడినది: ఖమ్మము జిల్లాలో మెట్టసేద్యపు శాస్త్రజ్ఞులు క్లోను నీలగిరి వరుసలను ఎడముచేసి, నడుమ అలసంద పండించి, చెట్ల సంఖ్య తగ్గకయే పైరును నిలుపుకొనవచ్చునని చూపిరి.

ఇబ్రహీంపట్నము కట్ట దిగువ ఒక తోట గట్టున కూర్చున్న ముసలి రైతును, నీ చెట్లు ఏ నంబరని అడిగితిమి. ఆయన నవ్వి అన్నాడు: "గివి నంబరు చెట్లు గావు సారూ, గింజ చెట్లు. నరికినంక మోడుకు నాలుగు చిగుర్లొస్తయి. మంచిగున్నదొక్కటి ఉంచి, తక్కినయి ఇరిచేస్త."