రైలు కార్మికుల గిరి, రాష్ట్రపతి గిరి

ఈ వారం వరాహగిరి వెంకటగిరి గారి గురించి చెప్పుకుందాం. వి.వి.గిరి అంటే మనలో చాలామందికి స్కూల్లో బట్టీపట్టిన రాష్ట్రపతుల జాబితాలో నాలుగో పేరు. అంతకుమించి గుర్తుండదు. కానీ ఆయన రాష్ట్రపతి కావడానికి నలభై ఏళ్ళ ముందే రైలు కార్మికులు ఆయన్ని తమ మనిషి అనుకున్నారు. అసలు కథ అక్కడుంది.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది గానీ, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కొడుకు కూడా లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళారు. మన పిల్లలు ఇప్పుడు ఎమ్మెస్ కోసం వెళ్తున్న ఐర్లండే అది. చదువుతోపాటు అక్కడి స్వాతంత్ర్య పోరాటం కూడా ఆయనకి వంటబట్టింది. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగాక, దేశం విడిచి వెళ్ళమని నోటీసొచ్చింది. బరంపురం తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ ఉద్యమం రాగానే దాన్నీ వదిలేశారు.

ఆ తర్వాతే రైళ్ళ వైపు వచ్చారు. వాల్తేరు నుంచి హౌరా వైపు వెళ్ళే లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే అనే కంపెనీది. మనవాళ్ళు బి.ఎన్.ఆర్. అనేవారు. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఆ రైల్వే పని కోసమే అక్కడికి వలస వెళ్ళాయి. ఈనాటికీ ఖరగ్‌పూర్ వీధుల్లో తెలుగు వినపడుతుంది. దుబాయ్, దోహాల కన్నా ముందు మనవాళ్ళు పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన ఊళ్ళలో అదొకటన్నమాట.

1927లో కంపెనీ పెద్ద ఎత్తున మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టింది. ఐటీలో పనిచేసే నాలాంటివాళ్ళకి 'లేఆఫ్' అంటే విడమర్చి చెప్పక్కర్లేదు కదా. గిరి గారు బి.ఎన్.ఆర్. కార్మికుల పక్షాన నిలబడి శాంతియుతంగా సమ్మె నడిపించారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను స్థాపించినవాళ్ళలో ఒకరై, చాలా ఏళ్ళు దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1927లోనే జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశంలోనూ కార్మికుల తరఫున కూర్చున్నారు.

1937 ఎన్నికల్లో ఆయన ఎదుట నిలబడినది సాక్షాత్తూ బొబ్బిలి రాజా గారు. రాజా ఓడిపోయారు, కూలీల వకీలు గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ గారి ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి, ఒప్పుకోక రాజీనామా చేశారు. కుర్చీ కోసం మాట మార్చలేదు.

ఆయన నమ్మిన పద్ధతికి 'గిరి అప్రోచ్' అనే పేరొచ్చింది. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి, ప్రతిదానికీ ప్రభుత్వం ట్రిబ్యునళ్ళకు పంపకూడదు. స్థూలంగా ఇదీ దాని సారాంశం. అయితే అలా కూర్చోవాలంటే కార్మికుడి వెనక బలమైన యూనియన్ ఉండాలి. లేకపోతే అది చర్చ కాదు, ఒకరు చెప్పడం ఇంకొకరు వినడం అవుతుంది.

1969లో ఇండిపెండెంటుగా నిలబడి, మరో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. ఆయన పదవీకాలం చివరి ఏడాదిలో, 1974 మే 8న, దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షల మంది పని ఆపేశారు. బోనస్ కావాలి, ఇంజను సిబ్బందికి ఎనిమిది గంటల పని కావాలి అన్నవి ముఖ్యమైన కోరికలు. ముందు నిలిచి నడిపించినది జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడుగా ఉన్న రైల్వేమెన్స్ ఫెడరేషన్. అవును, గిరి గారు స్థాపించిన ఆ ఫెడరేషనే. చర్చలు సాగుతుండగానే, సమ్మె మొదలవకముందే నాయకుల్ని అరెస్టు చేశారు. వేలమందిని జైల్లో పెట్టారు, వేలమంది ఉద్యోగాలు పోయాయి. దాదాపు ఇరవై రోజులకు సమ్మె ఆగిపోయింది. 1977లో ప్రభుత్వం మారాక తీసేసినవాళ్ళను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు.

రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలన్నది నిజమే. ఆ కుర్చీలో రాజీనామా కూడా మంత్రి రాజీనామా అంత తేలిక కాదు. అయినా నాకు మాత్రం 1954 నాటి గిరి గారే పెద్దగా కనిపిస్తారు. మంత్రిగా ఉన్నప్పుడు పదవి వదులుకుని కార్మికుడి పక్కన నిలబడగలిగిన మనిషి, దేశంలోకెల్లా పెద్ద పదవిలో ఉన్నప్పుడు ఆ పని చేయలేకపోయారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

ఇక మన ఖతార్ సంగతి. మన దోహా మెట్రో కూడా 2019లో మే 8నే మొదలైంది, తారీకు కలిసిందంతే. ఇక్కడ విదేశీ కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. కానీ 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహాలో ఆఫీసు తెరిచాక, కంపెనీల్లో కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధులూ, యాజమాన్యం మనుషులూ కలిసి కూర్చునే జాయింట్ కమిటీలు మొదలయ్యాయి. 2021 మార్చి నుంచి కనీస మూలవేతనం వెయ్యి రియాళ్ళు అయింది. కమిటీ ఉన్న కంపెనీలో మీరు గానీ, మీకు తెలిసిన కరీంనగర్ తమ్ముడు గానీ పనిచేస్తుంటే, ఎన్నికొచ్చినప్పుడు ఓటెయ్యండి, వీలైతే నిలబడండి. ఎదురెదురుగా కూర్చోవడానికి ముందు ఆ కుర్చీలో మనవాడొకడు ఉండాలి కదా. సెలవు.