చౌక రంగులు, కలంకారీ: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కలంకారీ రంగులు ఏయే పదార్థాల నుంచి వచ్చాయో వివరించగలుగుతారు.
• కృత్రిమ రంజకాల రాకతో ఏది మారిందో, ఏది మారలేదో చర్చించగలుగుతారు.

1. పరిచయం
బట్టమీద బొమ్మ వేయాలంటే నేడు దుకాణంలో ఫ్యాబ్రిక్ పెయింటు కొంటాం. అది నూలుపై పొరగా అంటుకుంటుంది. కలంకారీ రంగు అలా కాదు, పోగులోకి ఇంకుతుంది. మొదటిది వర్ణకం, రెండవది రంజకం. ఈ తేడా తెలిస్తేనే కోస్తాంధ్ర వస్త్ర చరిత్ర అర్థమవుతుంది.

2. ఇంటి సరుకుతో రంగు
కలంకారీ నలుపుకు కావలసినవి తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు. వీటిని కుండలో కొన్ని వారాలు నానబెడితే బెల్లం నీరు పులిసి, ఆ పులుపులో ఇనుము కరుగుతుంది. దీన్నే కసిమి అంటారు. బట్టను ముందుగా కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీత చెదరకుండా చూస్తుంది. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఎరుపుకు పద్ధతి వేరు. పటిక ద్రావణంతో గీసి, బట్టను చిరివేరుతో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. పటిక ఇక్కడ రంగుబంధకం, అంటే రంగును బట్టకు పట్టించే పదార్థం.

సరుకు చౌకైనదే. విలువ అనుభవంలో ఉంది. కసిమిలో ఇనుము మితిమీరితే కాలక్రమంలో పోగు తినివేయబడుతుంది. మ్యూజియాలలోని కొన్ని పాత వస్త్రాలలో నల్లగీతలున్న చోట్ల బట్ట చివికిపోవడానికి కారణం ఇదే.

3. విదేశీయుల ఆసక్తి
ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. ఉతికినా వెలియని ఈ బట్టలకు ఐరోపాలో గిరాకీ ఎంతగా పెరిగిందంటే, స్థానిక నేతగాళ్ల ఒత్తిడిపై ఫ్రాన్స్ 1686లోనూ, ఇంగ్లండు 1700, 1721 చట్టాల ద్వారానూ ఆంక్షలు విధించాయి. మరోవైపు రహస్యం తెలుసుకునే ప్రయత్నాలూ సాగాయి. 1734 ప్రాంతంలో ఫ్రెంచి నౌకాధికారి బోల్యూ పుదుచ్చేరిలో ఒక్కొక్క దశలో బట్ట ముక్కను సేకరించి వివరాలు రాశాడు. 1742లో జెస్యూట్ మతాచార్యుడు కూర్దూ ఈ పద్ధతిని లేఖలో వర్ణించాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ ఆధారాలు రాసినవారి పేర్లు మనకు తెలుసు. వారికి చేసి చూపిన పనివారి పేర్లు మాత్రం చరిత్రలో మిగల్లేదు.

4. అలిజరిన్ రాక
1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరులోనూ ఉండేది అలిజరినే. కాబట్టి అచ్చులు వేసేవారికి పటిక, కరక్కాయల అవసరం పోలేదు. పోయినది వేరు. చౌకగా, సిద్ధంగా దొరికే పొడి ముందు నేలలోంచి వేళ్లు తవ్వి, ఎండబెట్టి, దంచే శ్రమ నిలవలేకపోయింది. యంత్రం ఒక కళను చంపిందని చెప్పడం తేలిక. నిజానికి దెబ్బ మొదట తగిలింది చిత్రకారుడికి కాదు, వేరు తవ్వే కూలీకి. పెడన అచ్చు పనిలో అలిజరిన్ నేటికీ వాడుకలో ఉంది. 1950వ దశకంలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తి కలం పని పునరుద్ధరణకు ప్రయత్నాలు మొదలయ్యాయి.

5. సారాంశం
రంగు చౌక కావడం అన్నివేళలా ఒకే ఫలితం ఇవ్వదు. చౌక సరుకు పనివాడి చేతిలో ఉన్నప్పుడు నైపుణ్యానికి విలువ వచ్చింది. చౌక సరుకు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ముడిసరుకు సేకరించే వారి బతుకుతెరువు పోయింది.

కృత్యం
తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు మట్టికుండలో వేసి, పలుచని గుడ్డతో మూతికట్టి రెండు మూడు వారాలు ఉంచండి. బిగుతు మూత పెట్టవద్దు, లోపల వాయువు పుడుతుంది. ఆ నీటితో కరక్కాయ పట్టించిన నూలు బట్టపైన, పట్టించని బట్టపైన గీతలు గీసి తేడా నమోదు చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. వర్ణకానికీ రంజకానికీ భేదమేమిటి?
2. అలిజరిన్ రాకవల్ల ఎక్కువగా నష్టపోయినదెవరు? కారణాలతో రాయండి.