లూసియానా ఇసుక దీవులు: పటాల చరిత్ర

అమెరికాలోని లూసియానా తీరం పొడవునా, మెక్సికో సింధుశాఖ అంచున, సన్నటి ఇసుక దీవుల వరసలున్నాయి. మిసిసిపీ దారి మార్చుకున్నప్పుడల్లా వదిలేసిన పాత డెల్టాల ఒండ్రులోంచి అలలు వేరుచేసిన ఇసుకే వీటికి పునాది. తుఫాను ఉప్పెన మొదట తాకేది వీటినే. వెనకనున్న చిత్తడి నేలలకూ ఊళ్లకూ ఇవే అడ్డుకట్ట.

ఈ తీరరేఖ మార్పుల లెక్క 1853 నాటి సర్వే పటాలతో మొదలవుతుంది. అప్పట్లో డెర్నియర్ ఒకే పొడవాటి దీవి, ధనికుల వేసవి విడిది. 1856 ఆగస్టు 10న తుఫాను దాన్ని ఊడ్చేసింది. దాదాపు 200 మంది చనిపోయారు. ఇసుకలో కూరుకుపోయిన ‘స్టార్’ అనే ఆవిరి పడవలోకి ఎక్కినవాళ్లు బతికి బయటపడ్డారు. ఆ దీవి కాలక్రమంలో ముక్కలైంది.

1947లో కెర్-మెగీ సంస్థ ఈ తీరానికి ఆవల సముద్రంలో, నేల కనుచూపుకు అందనంత దూరాన చమురు బావి తవ్వింది. దాంతో పటం మీది గీత డబ్బు ప్రశ్నగా మారింది. 1953 చట్టం తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల వరకు సముద్రగర్భాన్ని రాష్ట్రానికిచ్చి, ఆపైది కేంద్రానికి ఉంచింది. మరి తీరం ఎక్కడుంది? అది కదిలే గీతేనని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దీవి వెనక్కి జరిగితే చమురు రాబడి హద్దూ జరుగుతుంది! ఏళ్ల తరబడి నడిచిన వివాదం తర్వాత 1981లో కోర్టు అక్షాంశ రేఖాంశాలతో తీరాన్ని గుర్తించింది. అలా గుర్తించిన హద్దు ఇక కదలదని 1986లో చట్టం తేల్చింది. దీవి మునిగినా గీత మాత్రం అక్కడే ఉంటుంది.

నేల మాత్రం ఆగలేదు. రిగ్గుల కోసం, పైపులైన్ల కోసం చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి, మట్టిని గట్లుగా పోశారు. ఉప్పునీరు లోపలికొచ్చింది, సహజంగా పారే నీటికి దారి మూసుకుపోయింది. నది కరకట్టలు కొత్త ఒండ్రును రానివ్వలేదు, నేల కుంగింది. 1932-2016 మధ్య లూసియానా తీరప్రాంతం కోల్పోయిన నేల సుమారు 4,800 చదరపు కిలోమీటర్లు. ఇంత నష్టాన్ని ఒక్క తుఫానుల మీదికి నెట్టేయడం న్యాయం కాదు.

2005 నాటికి పటాల పని విమానాల్లోంచి పంపే లేజర్ కిరణాలదైంది. ఆ ఏటి కత్రినా తుఫానుకు ముందూ వెనకా కొలతలు పోల్చితే, షాండెలూర్ దీవుల విస్తీర్ణంలో సుమారు 85 శాతం పోయిందని తేలింది. 2010లో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు ప్రమాదం 11 మందిని బలిగొంది. ఆ ప్రమాదంలో లీకై ఒడ్డుకొచ్చే చమురును ఆపడానికి షాండెలూర్ దగ్గర వేసిన ఇసుక కట్ట త్వరగానే కోతకు గురైంది.

చమురు తెట్టు పరిహారంతో కామినాడా తీరాన్నీ విస్కీ దీవినీ తిరిగి పెంచారు. అందుకు ఇసుక తెచ్చిన షిప్ షోల్ అనే మునిగిన ఇసుక తిన్నె కూడా ఒకప్పటి దీవుల శేషమే. దాని మీదుగా చమురు పైపులు పోతున్నాయి కాబట్టి, వాటికి దూరంగా ఎక్కడెక్కడ తవ్వవచ్చో ముందు పటం గీసుకోవాల్సి వస్తోంది.