చవక మీటరు - అసలు వోల్టు

తెర మీద అంకె కనబడితే చాలు, నమ్మేస్తాం. దాన్ని దేంతో పోల్చారన్నదే నా ప్రశ్న. 1893లో ఎడ్వర్డ్ వెస్టన్ కాడ్మియం సెల్ చేశాడు. 1911లో వోల్టుకి అదే అంతర్జాతీయ ప్రమాణమైంది. 1971లో రాబర్ట్ విడ్లర్ బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్సుని చిప్పులోకి దించాడు.

చవక మీటర్లలో ఎక్కువగా కనిపించే 7106 రకం చిప్పు చేసేది భాగహారమే: కొలిచే వోల్టేజిని 100 మిల్లీవోల్టుల రిఫరెన్సుతో భాగిస్తుంది. ఆ రిఫరెన్సు చిప్పులోంచే వస్తుంది, వేడెక్కితే జరుగుతుంది. బయట 1.2 వోల్టుల బ్యాండ్‌గ్యాప్ పెట్టి, ప్రీసెట్ తిప్పి 100కి తెస్తే ఆ జారుడు తగ్గుతుంది. పై రేంజిల్లో రెసిస్టర్ల తేడా మాత్రం అలాగే ఉంటుంది.

అయితే ప్రీసెట్ ఎక్కడ ఆపాలో తెలియాలంటే నమ్మదగ్గ ఇంకో వోల్టు కావాలి. వెస్టన్ తిప్పలన్నీ దానికోసమేగా!