ఐరావతిపై తెడ్డుచక్రాల ఓడలు: నదీజీవనం, తెలుగు కళాసీలు (1824–1948)

ఉత్తరాంధ్ర, గోదావరి మండలాల వృద్ధుల మాటల్లో 'రంగం' అంటే రంగూన్. 'రంగం వెళ్ళడం' అంటే బర్మాకు కూలికి పోవడం. ఆ వలసపై తెలుగునాట జరిగిన పరిశీలన సాధారణంగా కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో మొదలై రంగూన్ ఓడరేవు దగ్గర ఆగిపోతుంది. బర్మా నదీరవాణా గురించి ఆంగ్లంలో వచ్చిన రచనలు మరోవైపు కప్తాను గది కిటికీలోంచి నదిని చూస్తాయి. అలిస్టర్ మెక్రే, అలన్ ప్రెంటిస్ 1978లో వెలువరించిన 'ఇరావడీ ఫ్లోటిల్లా' వాటిలో ముఖ్యమైనది. మెక్రే స్వయంగా ఆ వ్యాపారలోకంలో పనిచేసినవాడు కనుక ఓడల వివరాలు అందులో విశ్వసనీయంగా ఉన్నాయి. ఓడ దించిన బస్తా ఎవరి తలమీదికి ఎక్కిందన్న ప్రశ్నకు మాత్రం అందులో చోటు తక్కువ. ఎగువ నుంచి ధాన్యాన్ని దించిన తెడ్డుచక్రమూ, దానిని రంగూన్‌లో మోసిన తెలుగు భుజమూ ఒకే వ్యవస్థలోని రెండు అంగాలు. వాటిని విడివిడిగా చదివితే రెండూ అర్థం కావు.

యుద్ధంతో వచ్చిన ఆవిరి

ఐరావతి మీదికి ఆవిరి ఓడ వర్తకానికి రాలేదు, యుద్ధానికి వచ్చింది. కలకత్తా సమీపంలోని కిద్దర్‌పూర్‌లో నిర్మించిన 'డయానా' అనే చిన్న తెడ్డుచక్రాల ఓడను ఈస్టిండియా కంపెనీ మొదటి ఆంగ్ల–బర్మా యుద్ధంలో (1824–26) వాడింది. ఆవిరి నౌక యుద్ధంలో పాల్గొన్న తొలి సందర్భాలలో ఇది ఒకటి. తెరచాప ఓడలు గాలి లేక నిలిచిపోయిన చోట డయానా వాటిని లాగింది, పదుల తెడ్లతో నడిచే బర్మా యుద్ధపడవలను తరిమింది. పడవ నడిపేవారు అలసిపోతారు, యంత్రం అలసిపోదు. ఈ తేడా బర్మా సైన్యానికి నది మీదనే తెలిసివచ్చింది. 1826 ఫిబ్రవరి 24న యాందబో సంధి కుదిరింది. అదే సంవత్సరం జాన్ క్రాఫర్డ్ రాయబారిగా ఆవా రాజధానికి వెళ్ళింది కూడా డయానా మీదనే. యుద్ధానికి వాడిన ఓడ కొద్ది నెలల్లోనే దౌత్యానికి వాహనమయింది.

1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయిన తరువాత ప్రభుత్వం కొన్ని ఆవిరి ఓడలను నదిలో నడిపింది. వాటిలో నాలుగు ఓడలనూ, మూడు ఫ్లాటులనూ (యంత్రం లేకుండా ఓడ పక్కన కట్టి నడిపే బల్లకట్టు నావలను) 1864లో రంగూన్‌లోని టాడ్, ఫిండ్లే సంస్థ కొనుగోలు చేసింది. మరుసటి ఏడు గ్లాస్గోలో కంపెనీ ఏర్పడింది. 1875 నుంచి దాని పేరు ఇరావడీ ఫ్లోటిల్లా కంపెనీ. 1867 వర్తక ఒప్పందంతో మిండాన్ రాజు ఏలుబడిలోని ఎగువ నదికీ దారి తెరుచుకుంది. కంపెనీ ఓడలు మాండలేకు, ఆపైన చైనా సరిహద్దుకు చేరువలోని భామోకు సాగాయి.

మిండాన్‌ను ఆధునికత ఎరుగని రాజుగా చిత్రించడం వలస రచయితలకు పరిపాటి. ఆయనకూ సొంత ఆవిరి ఓడలు ఉండేవి. 1868లో యునాన్ మార్గాన్ని వెదకుతూ బయలుదేరిన స్లాడెన్ బృందం భామో చేరింది ఆ రాజుగారి ఓడలోనే. యంత్రం ఒక్కటే చాలదు. మరమ్మతు కర్మాగారం, విడిభాగాలు, రుణం కూడా కావాలి. అవి స్కాట్లండ్‌లోనూ, రంగూన్ ఎదుటి ఒడ్డున ఉన్న డల్లా ఓడల కర్మాగారంలోనూ ఉన్నాయి, మాండలేలో లేవు. 1885 నవంబరులో జనరల్ ప్రెండర్‌గాస్ట్ సేన ఎగువకు కదిలినప్పుడు దానిని మోసింది ఫ్లోటిల్లా ఓడలూ ఫ్లాటులే. యుద్ధం ప్రకటించిన రెండు వారాల్లో రాజధాని లొంగిపోయింది. థీబా రాజును నవంబరు 29న 'తూరియా' అనే కంపెనీ ఓడ ఎక్కించి దిగువకు తరలించారు. ఆ ఓడ పేరుకు సూర్యుడని అర్థం. ఆయనను మొదట మద్రాసుకు, కొన్ని నెలల తరువాత రత్నగిరికి పంపారు. కంపెనీ వర్తకసంస్థ మాత్రమేనన్న వాదన ఈ రెండు వారాల ముందు నిలవదు.

నదిని చదివినవారు

మాండలే, ప్రోమ్‌ల దగ్గర వేసవికీ వానకాలానికీ మధ్య ఐరావతి నీటిమట్టం సుమారు 10 మీటర్లు మారుతుంది. అంత తేడా ఉన్న నదికి స్థిరమైన రేవు ఉండదు. ఈ నెల ఓడ ఆగిన గట్టు వచ్చే నెలకు ఇసుకలో కలుస్తుంది, నిరుడు లోతుగా ఉన్న పాయ ఈ ఏడు మేట వేస్తుంది. గోదావరి లంకల్లో పుట్టినవారికి ఇది వింత కాదు. ఓడ ముక్కును గట్టుకు ఆనించి, చెక్క పలక వేసి, మనుషులనూ సరుకునూ దించేవారు. రేవు ఎక్కడుందో ఆ రోజు నది చెప్పాలి.

పక్కచక్రాల ఓడ చాలాకాలం నిలవడానికి కారణం ఇదే. నీటి అడుగున తిరిగే మరచక్రానికి లోతు కావాలి. తెడ్డుచక్రం నాలుగైదు అడుగుల నీటిలోనూ పనిచేస్తుంది. ఇసుకలో చిక్కితే చక్రాలను వెనక్కి తిప్పి ఓడను విడిపించవచ్చు. ఇంకా పలుచని చింద్విన్ ఉపనదిలో వెనుక ఒకే చక్రం ఉన్న చిన్న ఓడలు నడిచాయి. డంబార్టన్‌లోని డెన్నీ వంటి కర్మాగారాలలో తయారైన ఓడను విడగొట్టి, భాగాలుగా సముద్రం దాటించి, డల్లాలో తిరిగి బిగించేవారు. 'సియామ్' తరగతి ఓడలు 326 అడుగుల పొడవు. ఇరుపక్కల ఫ్లాటులు కట్టుకుని కదులుతుంటే చూపరులకు ఒక పేట నడిచివస్తున్నట్లు ఉండేది.

కప్తానులు ఎక్కువగా స్కాట్లండువారు. పేరు వారిది. నదిని చదివింది మాత్రం చిట్టగాంగు నుంచి వచ్చిన సరంగులు, సుక్కానీలు, లష్కర్లు. ఓడ ముందుభాగాన నిలిచి, గుర్తులు వేసిన వెదురుగడను నీటిలో ముంచి లోతును పాటలా పలికే మనిషి గొంతు మీదనే ఓడ నడక ఆధారపడి ఉండేది. మేటల పక్కన వెదురు గుర్తులు పాతడం, వాటిని నీటితోపాటు మార్చడం ఏడాది పొడవునా సాగే పని. ఈ జ్ఞానం పటాలలో ఇమిడేది కాదు. పటం అచ్చయ్యేలోగా నది మారిపోతుంది. తండ్రి నుంచి కొడుక్కు, మామ నుంచి అల్లుడికి చేరిన ఈ విద్య మీద కంపెనీ లాభం నిలిచింది. కంపెనీ చరిత్రల్లో మాత్రం ఆ పనివారు 'విశ్వాసపాత్రులు' అనే ఒక్క విశేషణంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

సంత ఓడ

మెయిలు ఓడలు తెల్లదొరలకూ టపాకూ ప్రధానం. నదీతీర జీవితాన్ని మార్చింది సంత ఓడ. దాని పైఅంతస్తులోనూ, పక్కనున్న ఫ్లాటులోనూ కొంత స్థలాన్ని వర్తకులు అద్దెకు తీసుకుని దుకాణాలు పెట్టుకునేవారు. పట్టు లుంగీలు, మాంచెస్టరు గుడ్డ, ఎండుచేప, నప్పి (పులియబెట్టిన చేపముద్ద), ఊరవేసిన తేయాకు, లక్కసామాను, కిరసనాయిలు అన్నీ అక్కడే దొరికేవి. బర్మాలో వర్తకం ఎక్కువగా స్త్రీల చేతిలో ఉండేది కనుక దుకాణదారులలో స్త్రీలే అధికం. ఓడ కూత వినగానే ఊరంతా గట్టుకు దిగేది. కొనడం, అమ్మడం, పెళ్ళి కబుర్లు, వ్యాజ్యాల వార్తలు, అన్నీ ఓడ ఆగిన ఆ గంటలోనే జరిగిపోయేవి. అంతవరకు నెలకోసారి దేశవాళీ పడవ వచ్చే గ్రామానికి వారానికోసారి అంగడి వస్తే ఆ గ్రామ కాలగణనే మారుతుంది.

ఆవిరి ఓడలు రాగానే దేశవాళీ పడవలు అంతరించాయని అనుకోవడం పొరపాటు. చెక్కిన వెనుకభాగంతో ఎత్తుగా లేచే పెద్ద సరుకు పడవలు ప్రధాన పాయలో వెనకబడ్డాయి గాని, డెల్టాలోని పిల్లకాలువల్లో ధాన్యం మిల్లుకు చేర్చే పని చాలావరకు వాటిదే. కంపెనీ వాటిని నిర్మూలించలేదు, తనకు సరుకు అందించే ఉపశాఖలుగా మార్చుకుంది. ఏనాంజాంగ్ చమురు విషయంలో కథ వేరు. ఫ్లాటులలో దిగువకు వచ్చిన ఆ చమురును 1909 నాటికి గొట్టపుమార్గం అందుకుంది. 1877లో ప్రోమ్‌కు, 1889లో మాండలేకు చేరిన రైలు కొంత ప్రయాణాన్ని లాక్కుంది. అయినా 1920ల చివరికి కంపెనీకి 600కు పైగా నావలు ఉన్నాయి. ఏటా దాదాపు 90 లక్షల మంది వాటిలో ప్రయాణించారు. కిప్లింగ్ 1890 నాటి 'మాండలే' గేయంతో ఆ తెడ్డుచక్రాల చప్పుడు ప్రపంచమంతా వ్యాపించింది. ఆ కవి 1889లో చూసింది రంగూన్, మౌల్మీన్ మాత్రమే, మాండలే కాదు.

బస్తా దిగిన చోట

1852 ప్రాంతంలో దిగువ బర్మాలో వరిసాగు పది లక్షల ఎకరాలలోపే. 1930 నాటికి అది 80 లక్షలు దాటింది. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకోవడం, చెట్టియార్ల వడ్డీ పెట్టుబడి, ఎగువ బర్మా నుంచి దిగివచ్చిన రైతులు, ఇవన్నీ అందుకు కారణాలు. ఆ పంట మిల్లులకు, మిల్లుల నుంచి సముద్రపు ఓడలకు చేరాలంటే మోసే మనుషులు కావాలి. ఆ పనిలో అత్యధికులు తెలుగువారు. బర్మాలో వారిని 'కోరంగీలు' అన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిని క్షీణించిపోయింది. రేవు పోయినా దాని పేరు సముద్రానికి ఆవల ఒక జాతి పేరుగా, క్రమంగా చులకన మాటగా బతికింది. శ్రీకాకుళం కూలీనీ, గంజాం కూలీనీ కూడా ఆ పేరుతోనే పిలిచారు.

వీరిని చేర్చింది మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి, రంగూన్‌లో కూలి తన చేతులమీదుగా పంచేవాడు. మిల్లుకూ కూలీకీ మధ్య ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు ఉండేవారు. ప్రతి చేయీ కొంత మిగుల్చుకునేది. ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో ప్రచురించిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' గ్రంథం ఈ దోపిడీనీ, ఇరుకు కూలీ బసలనూ నమోదు చేసింది. పని కాలానుగుణం. ధాన్యం దిగే నెలల్లో ఊపిరి సలపని మోత, తక్కిన నెలల్లో ఖాళీ కడుపు. నది ఎండితే ఫ్లాటులు ఆలస్యమవుతాయి, ఫ్లాటులు ఆలస్యమైతే రోజుకూలి పోతుంది. ఎగువన వెదురుగడ చూపిన లోతుకు, రంగూన్ బసలో ఆ రాత్రి ఉడికే అన్నానికి సంబంధం అంత సూటిది.

1930 మే నెలలో రేవు కళాసీలు కూలి పెంపు కోరుతూ సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమయ్యాక పాతవారిని తిరిగి పిలిచి కొత్తవారిని పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటలు రోజుల తరబడి సాగాయి. వందమందికి పైగా మరణించారు, వారిలో అత్యధికులు తెలుగువారు. దీనిని జాతివైరంగా మాత్రమే చూసే అలవాటు ఉంది. ధాన్యం ధర పడిపోయి, అప్పుకింద భూమి పోగొట్టుకుని, అవే ఓడల్లో పట్నానికి దిగివచ్చిన బర్మా రైతు కూడా ఆ గట్టుమీదే నిలబడ్డాడని గుర్తిస్తే, ఆ ఘర్షణకు మూలం ఒకే కూలికి ఇద్దరు ఆకలిగొన్నవారిని నిలిపిన ఏర్పాటులో కనిపిస్తుంది. 1931లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఆ సంఖ్య బర్మా రాజకీయాలలో మంట అయింది.

1942

జపాను సేనలు 1942 మార్చి 8న రంగూన్‌ను పట్టుకున్నాయి. ఫ్లోటిల్లా ఓడలు సైనికులనూ, క్షతగాత్రులనూ, కాందిశీకులనూ ఎగువకు చేర్చాయి. చింద్విన్ మీది చిన్న ఓడలు కలేవా దారిలో మనుషులను మోశాయి. ఆ సంవత్సరం నాలుగు లక్షలకు మించి భారతీయులు నేలదారిన స్వదేశం వైపు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి దారిపొడవునా వేలమందిని పొట్టనబెట్టుకున్నాయి. అంతకుముందు, రేవుపని ఆగకూడదని, వయసులో ఉన్న మగవారికి డెక్కు టిక్కెట్లు కొంతకాలం నిరాకరించారు. కళాసీ పారిపోతే యుద్ధసామగ్రి దిగదన్నది ప్రభుత్వ లెక్క. ఓడ ఎక్కనివ్వని ఆ మనుషులే తరువాత అడవిదారి పట్టారు.

శత్రువుకు చిక్కకూడదని మాండలే దగ్గరా, ఎగువన కథా ప్రాంతంలోనూ కంపెనీ తన ఓడలను తానే ముంచివేసింది. జనరల్ మేనేజరు జాన్ మోర్టన్ ఆధ్వర్యంలో ఆ పని జరిగింది. నదీరవాణాపైనే బతికిన తీరగ్రామాలకు ఉప్పు, నూనె, గుడ్డ అందకుండా పోవడానికి ఇది ఒక ముఖ్యకారణం. ఆంగ్ల రచనలు ఈ ముంపును వీరగాథగా చెబుతాయి. తీరవాసికి అది సంత ఆగిపోయిన సంవత్సరం.

స్వాతంత్ర్యం తరువాత 1948 జూన్ 1న బర్మా ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసింది. మిగిలిన ఓడలూ, యుద్ధానంతరం స్కాట్లండు నుంచి కొత్తగా వచ్చినవీ అంతర్దేశ జలరవాణా మండలి కింద నడిచాయి. వాటి చిట్టగాంగు సిబ్బందిలో చాలామంది తిరిగి రాలేదు. తెలుగువారిలో కొందరు తిరిగివెళ్ళి రంగూన్‌లోనూ మౌల్మీన్ వైపూ స్థిరపడ్డారు. 1960లలో నే విన్ ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసినప్పుడు వారిలో అనేకులు మళ్ళీ ఓడ ఎక్కారు. విశాఖపట్నం కంచరపాలెంలో 'బర్మా క్యాంపు' పేరు అలా మిగిలింది.