పల్నాడులో డిష్ దిశానిర్ణయం: సిగ్నల్ మీటర్, వృత్తిజ్ఞానం

ఉపగ్రహ స్థానాన్ని బట్టే డిష్ దిక్కు మారుతుంది. 1975 ఆగస్టు 1న ప్రారంభమై ఏడాది సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం 35° తూర్పు రేఖాంశం వద్ద ఉండేది. కనుక ఆనాటి తెలుగు గ్రామాల యాంటెన్నాలు కొద్దిగా దక్షిణానికి ఒరిగి పడమటి దిక్కును చూసేవి. నేడు డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5° వద్దనున్న జీశాట్-15 నుండి వస్తున్నందున నరసరావుపేట, గురజాల, మాచర్ల మేడలపై డిష్‌ను ఆగ్నేయానికి తిప్పవలసి ఉంటుంది.

చేతిలో ఇమిడే సిగ్నల్ మీటర్ వచ్చాక, టీవీ ముందున్న మనిషి కేక కోసం మేడపై వేచివుండే అవసరం తగ్గింది. ముల్లు కదలిక, బీప్ శబ్దం సంకేత బలాన్ని అక్కడికక్కడే తెలుపుతాయి. అయితే ఆ సంకేతం ఏ ఉపగ్రహానిదో సాధారణ మీటర్ చెప్పలేదు. ఆ నిర్ణయం దిక్కు, వాలు ఎరిగిన పనివానిదే. ప్రసారమాధ్యమాల చరిత్ర ఈ వృత్తిజ్ఞానాన్ని కూడా ఆధారంగా స్వీకరించాలి.