మరణ గ్రాహకాలు: ఒక చారిత్రక పరిచయం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ప్రణాళికాబద్ధ కణ మరణానికీ, గాయం వల్ల కలిగే కణ మరణానికీ తేడా చెప్పగలుగుతారు.
• మానవ కణ ఉపరితలంపై మరణ గ్రాహకాలను కనుగొన్న క్రమాన్ని వివరించగలుగుతారు.
• ఆ గ్రాహకాలు మందగించినా, మితిమీరి పనిచేసినా ఎందుకు ప్రమాదమో తెలుసుకుంటారు.

1. పరిచయం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, మా కొండాపురం వైపు, ఉగాదికి ముందు వేపచెట్లు ఆకు రాలుస్తాయి. గాలివానకు విరిగి అదే చెట్టుకు వేలాడుతున్న కొమ్మను కూడా ఒకసారి గమనించండి. దాని ఆకులు ఎండి ముడుచుకుపోతాయి గాని వెంటనే రాలవు. ఆకు విడిపోవాలంటే కాడ మొదట్లోని కణాలు బతికి ఉండి పనిచేయాలి. చచ్చిన కొమ్మకు ఆ శక్తి లేదు. అంటే ఆకు రాల్చడం చెట్టు చేసే పని, కొమ్మ ఎండడం చెట్టుకు జరిగిన నష్టం. ఈ తేడా మనసులో ఉంచుకుంటే పాఠంలో సగం వచ్చినట్లే.

నేను ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో కణ విభజనకు పెద్ద అధ్యాయమే ఉండేది. కణ మరణం గురించి ఒక్క ప్రశ్న కూడా వచ్చేది కాదు. బతుకు గురించి చదివితే చాలనుకున్నాం. ఆ అభిప్రాయం ఎలా మారిందో ఇప్పుడు చూద్దాం.

2. మరణానికి ఒక పేరు

1964-65లో రిచర్డ్ లాక్షిన్, కారల్ విలియమ్స్ పట్టుపురుగు జాతి కీటకాలను పరిశీలించారు. పురుగు ప్యూపా నుంచి బయటికి వచ్చాక, అక్కర తీరిన కొన్ని కండరాలు ఒక క్రమంలో నశించడం గమనించారు. దీనిని వారు ‘ప్రణాళికాబద్ధ కణ మరణం’ అన్నారు. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఇలాంటి మరణంలో కణం కుంచించుకుపోయి, చిన్న చిన్న మూటలుగా విడిపోతుందని వర్ణించి, దానికి ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టారు. ఈ పేరును సూచించినవారు అబర్డీన్ విశ్వవిద్యాలయంలోని గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్. గ్రీకులో దాని అర్థం చెట్టు నుంచి ఆకులు రాలడం.

పేరైతే వచ్చింది. కాని కణానికి ‘ఇక చాలు’ అనే ఆజ్ఞ బయటి నుంచి రాగలదా? వస్తే, దానిని ఏ అణువు అందుకుంటుంది?

3. రెండు ప్రయోగశాలలు, ఒకే గ్రాహకం

1975లో లాయిడ్ ఓల్డ్ బృందం ఎలుకల రక్తరసిలో కణితులను నాశనం చేసే పదార్థాన్ని గుర్తించింది. అదే ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్, క్లుప్తంగా టీఎన్ఎఫ్. 1989లో జపాన్‌లో షిన్ యొనెహారా బృందం, జర్మనీలో పీటర్ క్రామర్ బృందం, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, మానవ కణాలను చంపగల మోనోక్లోనల్ ప్రతిదేహాలను తయారుచేశాయి. ఆ ప్రతిదేహాలు అతుక్కునే ప్రోటీన్‌ను యొనెహారా ‘ఫాస్’ అన్నారు, క్రామర్ ‘అపో-1’ అన్నారు. తరవాత తేలిందేమంటే రెండూ ఒకటే. 1991లో ఒసాకాలో షిగెకాజు నగాతా బృందం ఫాస్ జన్యువును వేరుచేసింది. దాని నిర్మాణం టీఎన్ఎఫ్ గ్రాహకాలను పోలి ఉంది.

ఈ ప్రోటీన్ ఒక కొన ప్లాస్మాత్వచం వెలుపల, మరో కొన కణం లోపల ఉంటుంది. బయట ఫాస్ లైగాండ్ వచ్చి బంధించగానే లోపలి భాగమైన ‘మరణ ప్రదేశం’ ఎఫ్ఏడీడీ అనే ప్రోటీన్‌ను దగ్గరికి తీసుకుంటుంది. అది కాస్పేజ్-8 ఎంజైమును చేర్చి ఉత్తేజపరుస్తుంది. అక్కడినుంచి ఒక కాస్పేజ్ మరొకదానిని ఉత్తేజపరచగా కణం లోపలి నుంచే కూలిపోతుంది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. గ్రాహకం కణాన్ని స్వయంగా చంపదు, ఆజ్ఞను లోపలికి చేరవేస్తుంది, అంతే.

4. ఆజ్ఞ అందకపోతే

లింఫ్ గ్రంథులు విపరీతంగా ఉబ్బే ఒక ఎలుకల జాతిలో లోపం ఫాస్ జన్యువులోనే ఉందని 1992లో వెల్లడైంది. 1995లో మనుషుల్లోనూ ఇదే కనిపించింది. కొందరు పిల్లల్లో ఫాస్ ఉత్పరివర్తనం వల్ల, పని ముగిసిన లింఫోసైట్లు చావకుండా పోగుపడ్డాయి. గ్రంథులు, ప్లీహం ఉబ్బాయి. రక్షించవలసిన కణాలే సొంత రక్తకణాలపై దాడిచేశాయి. కణాలు చావకపోవడం కూడా వ్యాధేనని ఈ పిల్లల వల్ల వైద్యులు తెలుసుకున్నారు.

5. ఆజ్ఞ మితిమీరితే

1989 నాటి జర్మన్ ప్రయోగంలో ఎలుకల్లో పెంచిన మానవ కణితి, ప్రతిదేహం ఎక్కించగానే కరిగిపోయింది. ఎలుకలకు హాని జరగలేదు. క్యాన్సర్‌కు మందు దొరికిందనే ఆశ పుట్టింది. కాని ఆ ప్రతిదేహం మానవ గ్రాహకాన్ని మాత్రమే గుర్తిస్తుంది. ఎలుక సొంత కణాలపై దానికి పట్టు లేదు. 1993లో ఎలుక ఫాస్‌కే అతుక్కునే ప్రతిదేహాన్ని నగాతా బృందం ఎక్కించి చూసింది. కాలేయ కణాలు నశించి ఎలుకలు కొన్ని గంటల్లోనే చనిపోయాయి.

విద్యార్థులుగా మీరు ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి ఫలితం అబద్ధం కాదు, దాని నుంచి తీసిన ఆశే తొందరపాటు. మంచి ఫలితం వచ్చినప్పుడు ‘ఇక్కడ ఏది పరీక్షకు రాలేదు?’ అని అడగడం చరిత్ర నేర్పే అలవాటు.

టీఎన్ఎఫ్ కథ మరో మలుపు తిరిగింది. కణితులను చంపేందుకు ఆశించిన పదార్థాన్నే అడ్డుకోవడం వైద్యమయింది. కీళ్లవాతం వంటి వ్యాధుల్లో వాడే టీఎన్ఎఫ్ నిరోధక మందులకు 1998లో అమెరికాలో అనుమతి లభించింది.

6. కొత్తగూడెం నుంచి మెంఫిస్ దాకా

ఈ చరిత్రలో మన భాషా ప్రాంతపు పేరు కూడా ఉంది. కన్నెగంటి తిరుమలాదేవి కొత్తగూడెంలో సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో డిగ్రీ చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. మొదట మొక్కల వ్యాధులపై పనిచేసి, తరవాత క్షీరదాల రోగనిరోధక వ్యవస్థ వైపు మళ్లారు. 2007 నుంచి అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆసుపత్రిలో ఉన్నారు. వేర్వేరు కణ మరణ మార్గాలు కలిసి పనిచేసే తీరుకు ఆమె బృందం ‘పానోప్టోసిస్’ అని పేరు పెట్టింది.

కోవిడ్ కాలంలో ఆ బృందం అడిగిన ప్రశ్న ఇది: ఊపిరితిత్తులను దెబ్బతీసేది వైరస్ ఒక్కటేనా, శరీరం విడుదల చేసే సంకేతాలు కూడానా? పరీక్షించిన సైటోకైన్లలో టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా రెండూ కలిసినప్పుడే కణాలు తీవ్రంగా చనిపోయాయి. ఈ రెండింటికీ గ్రాహకాలు కణ ఉపరితలం మీదే ఉంటాయి. రెండింటినీ అడ్డుకున్నప్పుడు వైరస్ సోకిన ఎలుకల్లో మరణాలు తగ్గాయి. ఈ ఫలితాలు 2021లో ‘సెల్’ పత్రికలో వెలువడ్డాయి. ఐదో భాగంలో చెప్పిన హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది: ఇవి ఎలుకల్లో వచ్చిన ఫలితాలు.

7. సారాంశం

మరణ గ్రాహకం శత్రువూ కాదు, మిత్రుడూ కాదు. దాని ఆజ్ఞ అందకపోతే కణాలు పోగుపడతాయి, మితిమీరితే అవయవాలు కూలిపోతాయి. వేపచెట్టు అన్ని ఆకులూ నిలుపుకోదు, అకాలంలో అన్నీ రాల్చుకోదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న. పరిశోధకులు ఇప్పటికీ దానికే సమాధానం వెతుకుతున్నారు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. విరిగిన కొమ్మ ఆకులు వెంటనే ఎందుకు రాలవు? దీనిని కణ మరణంతో పోల్చండి.
2. ఫాస్ గ్రాహకం నుంచి కాస్పేజ్ వరకు సంకేతం సాగే క్రమం రాయండి.
3. 1989, 1993 ప్రయోగాల ఫలితాలు ఎందుకు వేరయ్యాయి? మీ మాటల్లో వివరించండి.